పసుపు పూసిన కావలి

దేవరకొండ కోటగుట్ట నీలిరంగు గీతలా కనిపించేంత దూరంలో, ఎర్రమట్టి చెలక పొలాల నడుమ ఉన్న ఒక పల్లె హనుమమ్మది. సేద్యం చేసుకునే ఇంటికి కోడలుగా వచ్చిన నాటినుంచి ఆమె ఆ ఊరు విడిచి ఎక్కడా నిలిచింది లేదు. ఆమె మంత్రసాని కాదు, వైద్యం తెలిసినదీ కాదు. పసిబిడ్డలకు నీళ్లు పోయడం ఆమెకు తెలుసు. అత్త చేతికింద కూర్చొని నేర్చిన పని అది. ఊళ్లో ఎవరింటికి దవాఖాన నుంచి తల్లీబిడ్డలు వచ్చినా, వారి కాళ్లకు నీళ్లిచ్చే లోపలే హనుమమ్మకు కబురు అందేది.

వెళ్లి, పీట మీద కూర్చొని, కాళ్లు బారజాపి, రెండు కాళ్ల నడుమ పల్లంలో బిడ్డను పడుకోబెట్టుకొనేది. నువ్వులనూనెను ముందు తన అరచేత రాసుకొని, ఆ చేతిని తన చెంపకు ఆనించి, వెచ్చదనం సరిపోయిందని తెలిశాకనే బిడ్డ ఒంటికి తాకించేది. చెంబు వంచిన ప్రతిసారీ ఒక భగవన్నామం పలికేది. ‘కేశవా’ అన్నప్పుడు తల మీద, ‘మాధవా’ అన్నప్పుడు రొమ్ము మీద, ‘గోవిందా’ అన్నప్పుడు వీపు మీద నీళ్లు పడేవి. ఊళ్లో సగం మంది ఆ నామాల కింద తడిసి పెరిగినవారే. మీసాలు నెరిసిన మగవాళ్లు సైతం ఆమె ఎదురుపడితే బీడీని వీపు వెనక దాచేవారు. “నా కాళ్ల మీద ఉచ్చ పోసినోళ్లే అందరు. నా ముందట మీకు పెద్దరికమేందిరా?” అని ఆమె నవ్వేది.

నీళ్ల తరువాతి పని నిప్పుది. దాని విషయంలో హనుమమ్మకు ఒక నిష్ఠ ఉండేది. తుమ్మబొగ్గులను కుంపట్లో పోసి, వాకిట్లో పెట్టి, విసనకర్రతో విసురుతూ కూర్చొనేది. పొగ సన్నగిల్లి, చివరి తీగ కూడా గాలిలో కలిసిపోయి, నిప్పులు దానిమ్మగింజల్లా ఎర్రబడేదాకా కుంపటి గడప దాటేది కాదు. ఆ తరువాత దాన్ని లోపలికి తెచ్చి, చిటికెడు సాంబ్రాణి చల్లి బిడ్డ తల ఆరబెట్టి, కుంపటిని బాలింత మంచం కిందికి జరిపేది. “పొగున్న నిప్పు పిల్లకు పగ. పొగ పోయిన నిప్పు తల్లి ఒడి” అనేది ఆమె తన దగ్గర కూర్చున్న ఆడవాళ్లతో. ఆమె చేతిలో ఏ పసిబిడ్డా దగ్గింది లేదు. అది ఆమె గర్వమైనా, ఎవరినీ నొప్పించని గర్వం.

ఆమె కూతురు రూప చాలా ఏళ్ల క్రితం జబ్బుచేసి పోయింది. అప్పటికి రూప కూతురు నిరోషకు పాలపళ్లు కూడా ఊడలేదు. చివరి పూట రూపకు మాట పడిపోయింది, చూపు ఒక్కటే మిగిలింది. ఆ చూపు తల్లి మీదినుంచి పసిదాని మీదికి, పసిదాని మీదినుంచి తల్లి మీదికి తిరిగింది. “ఫికర్ జెయ్యకు బిడ్డా. తల్లి లేదన్న సంగతి దీనికి తెల్వనియ్య” అని హనుమమ్మ మాట ఇచ్చింది. ఆ మాట మీదనే మనుమరాలిని పెంచింది, చదివించింది, పెండ్లి చేసింది. నిరోష నెల తప్పిందని తెలిసిన రోజు, ఇంతకాలం ఊరి బిడ్డలందరికీ చేసినదంతా ఈ ఒక్క పురుటికోసం చేసిన సాధనే అనిపించింది ఆమెకు. తల్లిలేని పిల్ల బాలింతగా తల్లిగారింటికి వస్తుంది. ఆ ఇంట్లో తల్లి చేయవలసినవన్నీ లోపం లేకుండా జరగాలి. అంతకుమించి ఆమె దేవుణ్ణి ఏమీ కోరుకోలేదు.

పుష్యమాసపు చలిలో, దేవరకొండ దవాఖానలో నిరోషకు ఆడపిల్ల పుట్టింది.

అంతకుముందు ఎండాకాలమే హనుమమ్మ కొడుకు ఎల్లస్వామి పాత గూనపెంకుల ఇల్లు విప్పించి, స్లాబు పోయించి కొత్త గదులు కట్టించాడు. అందులో చిన్నదాన్ని నిరోష పురుటికోసం సిద్ధం చేశారు. జరిపే అద్దాల కిటికీ, అంచులకు రబ్బరు, గట్టి చెక్క తలుపు. “చీమ గూడ సొరదు అవ్వా, నీ బాలెంతకు ఈదరగాలి కొడ్తదన్న ఫికరే లేదు” అని ఎల్లస్వామి తన తల్లికి గది చూపించి మురిసిపోయాడు. హనుమమ్మ గోడల్ని చేత్తో నిమిరి సంతోషించింది. పాత ఇంట్లో చలిగాలి పెంకుల సందుల్లోంచి జారి బాలింతల వీపుల మీద పడేది. ఆమె జీవితమంతా ఆ సందులతోనే పోట్లాడింది.

బిడ్డను చూడటానికి నిరోష భర్త వెంకటేశ్ ఆదివారం వచ్చాడు. అతడు నార్కట్‌పల్లి కూడలిలో, లారీలకు కరెంటు పనులు చేసే ఒక దుకాణంలో మేస్త్రీ. మాట తక్కువ, చూపు ఎక్కువ. బిడ్డను ఎత్తుకొని కాసేపు నిలబడి, మళ్లీ తల్లి పక్కన పడుకోబెట్టి, సంచిలోంచి అరచేయంత తెల్లపెట్టె ఒకటి తీశాడు. దానికి సన్నని చీలికల జాలీ, చిన్న అద్దం, ఆకుపచ్చని దీపం, ఒక మీట ఉన్నాయి.

“అల్లుడు బాలెంతకు చీరె తెస్తడనుకుంటే, గోడకు కొట్టే డబ్బ తెచ్చిండు” అంది ఎల్లస్వామి భార్య సుమన.

“చీరె గూడ తెచ్చిన అత్తమ్మా. సంచి అడుగున ఉన్నది. ముందుగాల దీన్ని కొట్టనియ్యి.”

“గిదేంది బిడ్డా, దేవుని పాటలు వాడే పెట్టెనా?” అని అడిగింది హనుమమ్మ.

“పాట కాదవ్వా, కూత. బొగ్గులు కాలినకాడ ఒక చెడ్డ గాలి పుడ్తది. కార్బన్ మోనాక్సైడ్ అంటరు. మూసిన గదిల అది నిండుతుంటే ఇది కూస్తది.”

“నా నిప్పులకు పొగనే ఉండదు గద.”

“పొగ వేరు, ఇది వేరు. పొగ పోయినంక గూడ ఇది ఉంటది. కండ్లకు కనవడది, వాసన రాదు.”

హనుమమ్మ చేతిలోని నలుగుపిండి కలపడం ఆపింది. “కనవడది, వాసన రాదు, సప్పుడు జెయ్యది, అంతట నిండుతది. అయితే అది దేవుడన్న కావాలె, దయ్యమన్న కావాలె. ఏందో జెప్పు, దాన్ని బట్టి మొక్కుతం.”

సుమన పకపక నవ్వింది. మంచం మీద నిరోష కూడా నవ్వింది. వెంకటేశ్ నవ్వలేదు. పీట లాక్కొని హనుమమ్మ ఎదుట కూర్చున్నాడు.

“ఈ చలికాలం మొదట్ల ఒక లారి మా దుకాణం ముందట ఆగిందవ్వా. డ్రైవరు, క్లీనరు ఇద్దరు క్యాబిన్ల చిన్న కుంపటి వెట్టుకొని, అద్దాలు ఎత్తుకొని పండుకున్నరు. పొద్దున లైట్ల పని జెయ్యాలని నేనే పొయి తలుపు తీసిన. పండుకున్నట్టే ఉన్నరు. ముఖాల మీద బాధ లేదు, దుప్పట్లు గూడ చెదరలేదు. ఒగాయిన పానం దక్కింది. ఇంకొగాయినది దక్కలే.”

“నిప్పులల్ల పొగ ఉండెనా?” అని మెల్లగా అడిగింది హనుమమ్మ.

“లేదు. నీ నిప్పుల లెక్కనే, మంచి నిప్పులు.”

ఆమె మళ్లీ పిండి కలపసాగింది. “నిప్పు రాజెయ్యంగ మొక్కి రాజెయ్యాలె. లారీలోళ్లకు ఏం తెలుసు.”

“అవ్వా, నా మాటిని కుంపటి గదిల పెట్టకు. నీకు దండం పెడ్త.”

ఆమె ముఖం చిన్నబోయింది. “బాలెంతకు కాపు వద్దంటవా? రేపు దీనికి నడుం నొస్తే, చేతులు గుంజితే, తల్లి లేదు కాబట్టి ఎవ్వరు చెయ్యలేదంటరు. ఆ మాట నేను పడాల్నా?”

తల్లి మాట వచ్చేసరికి వెంకటేశ్ తల వంచుకున్నాడు. భర్తకూ అవ్వకూ నడుమ నిరోష తీర్పు చెప్పింది. “ఊకోన్రి ఇద్దరు. గోడకు పెట్టె ఉంటది, మంచం కింద కుంపటి ఉంటది. కొద్దిసేపే ఉంచుదం, తలుపు ఓరగ తెరిచి ఉంచుదం. సరేనా?” అతడికి అది సరి అనిపించలేదు. కాని పెద్దామె కళ్లలో నీళ్లు చూసి ఒప్పుకున్నాడు.

మంచం పక్క గోడకు, పడుకున్నవారి తల ఎత్తులో పెట్టెను బిగించాడు. మీట నొక్కితే అది చెవులు గింగిర్లెత్తేలా కూసింది. పాప ఉలిక్కిపడి రెండు చేతులూ చాపి మళ్లీ నిద్రపోయింది. అతడు హనుమమ్మను గోడ దగ్గరికి పిలిచి చెప్పాడు. “ఇది దానంతటది కూసిందంటే ఏం ఆలోచించొద్దు. తలుపు బార్ల తెరిచి ఇద్దరిని ఆకిట్లకు తీస్కపో. నాకు ఫోను ఆ తర్వాత. రోజు పొద్దుగాల ఈ మీట నొక్కు. కూస్తే మంచిగున్నట్టు.”

మరునాడు అతడు పనికి వెళ్లిపోయాడు. మొదట ఆ పెట్టె మీద హనుమమ్మకు అలక ఉండేది. తన చేతి నిప్పు మీద నిఘా పెట్టిన పట్వారీలా అది చూస్తోందని సుమనతో అంది. కాని రోజూ ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి, వచ్చి మీట నొక్కడం అలవాటయ్యేసరికి ఆ అలక కరిగింది. మాట్లాడటం చేతకాని అల్లుడు తన భయాన్నంతా ఈ పెట్టెలో పెట్టి గోడకు తగిలించి పోయాడని ఆమెకు అర్థమైంది. భయపడటం కూడా ప్రేమించడమే గదా అనుకుంది. వైకుంఠానికైనా ద్వారం దగ్గర కావలి ఉంటుంది. ఈ పసిదానికి ఒక కావలి ఉంటే తప్పేముంది?

శుక్రవారం వచ్చింది. ఆ ఇంటికి వచ్చిన ఏ కొత్త వస్తువైనా పసుపు కుంకుమలు పెట్టించుకోకుండా పనిలోకి దిగింది లేదు. బోరు మోటారుకు పెట్టారు, పిండి రుబ్బే యంత్రానికి పెట్టారు, ఎల్లస్వామి కొన్న టీవీకి కూడా పెట్టారు. బిడ్డను కాచే పెట్టెకు ఇంతవరకు పెట్టలేదని గుర్తుకువచ్చి హనుమమ్మ నొచ్చుకుంది. గడపకు కలిపిన పసుపులోనే కాస్త మిగిల్చి, గడపకు పూసినంత ఆదరంగా, నిండుగా, ఆ తెల్లని ముఖానికి పూసింది. చీలికలను వేలితో మెత్తగా అదిమి నింపింది. నడుమ కుంకుమబొట్టు పెట్టింది. “నా మనుమరాలిని, దాని బిడ్డను సల్లగ జూడు నాయినా” అని చేతులు జోడించి మీట నొక్కింది. పెట్టె ఎప్పటిలాగే కూసింది. ఆమె దాన్ని దీవెనగా తీసుకుంది.

రెండుమూడు రోజుల తరువాత చలి ముదిరింది. తెల్లవారి లేచేసరికి ఉత్తరపు గాలి చెలకల మీదుగా వచ్చి వాకిట్లో కాగు కింద మంటను నేలకు వంచుతోంది. పాప రెండుసార్లు తుమ్మింది. హనుమమ్మ త్వరత్వరగా నీళ్లు పోసి, బిడ్డను గుడ్డల్లో చుట్టి, గదిలోకి తెచ్చింది. ఎప్పటిలాగే పొగ పోయేదాకా విసిరి కుంపటి తెచ్చి మంచం కింద పెట్టింది. తలుపు ఓరగా తెరిస్తే గాలి కత్తిలా వస్తోంది.

“ఇయ్యాల ఒక్కనాడు మూద్దం బిడ్డా. పెట్టె కావలున్నది గద” అంది.

“పొద్దుగాల నొక్కినవా?” అని అడిగింది నిరోష.

“నొక్కిన. గట్టిగనే కూసింది.”

తలుపు మూసింది. గడప దగ్గర మిగిలిన సందులో పాతచీర ముక్కను దోపింది. మంచం పక్కన నేల మీద కూర్చొని పాపను ఒళ్లో వేసుకుంది. గది వెచ్చబడింది. ఇన్నేళ్లుగా ఆమె బాలింతలకు ఇవ్వాలనుకున్నది అటువంటి వెచ్చదనమే. ఎక్కడినుంచీ చల్లగాలి తీగ కూడా తగలని నిండు వెచ్చదనం.

నిరోష కళ్లు మూసుకొని, “తలకాయ నొస్తాందవ్వా” అంది.

“తలకు పోసుకున్నవు గద. జర పండుకో, తక్కువైతది.”

మరికాసేపటికి హనుమమ్మకు కూడా కణతలు కొట్టుకోసాగాయి. కడుపులో తిప్పినట్టయింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు, పైత్యమై ఉంటుందనుకుంది. నిద్ర వస్తున్నట్టుగా ఉంది. నిద్రను ఆపుకోవడానికి పసిదాని చేయి తీసుకొని, ఆ చిన్న గుప్పిట్లో తన చూపుడువేలు పెట్టింది. అది ఆమె ప్రతి బిడ్డతోనూ ఆడే ఆట. నిద్రలో ఉన్నా సరే, పసిబిడ్డ వేలు తగలగానే పట్టుకుంటుంది. ఎంతమంది బిడ్డల పట్టు ఆ వేలు ఎరిగి ఉందో ఆమెకే తెలియదు.

ఈ గుప్పిట మూసుకోలేదు.

ఆమె వేలు తీసి మళ్లీ పెట్టింది. లేత వేళ్లు తమలపాకుల్లా తెరుచుకొనే ఉన్నాయి. పాప ముఖంలో బాధ లేదు. పెదవులు గులాబీరంగులో ఉన్నాయి. చూసినవారెవరైనా హాయిగా నిద్రపోతోందనే అంటారు. “నిరోషా” అని పిలిచింది. నిరోష “ఊఁ” అంది గాని కళ్లు తెరవలేదు. ఆమె దుప్పటి కూడా చెదరలేదు.

దుప్పట్లు గూడ చెదరలేదు. ఆ రోజు వెంకటేశ్ నోట విన్న మాట ఇప్పుడు చెవి పక్కన మళ్లీ వినిపించింది. హనుమమ్మ గోడవైపు చూసింది. పసుపు కింద ఆకుపచ్చ దీపం మిణుకుమంటోంది. కావలి మౌనంగా ఉంది. అది కూస్తే అప్పుడు లేవాలని అల్లుడు చెప్పాడు. అది కూయలేదు. కాని ఆమె వేలు ఖాళీగా ఉంది.

ఆమె వేలినే నమ్మింది.

లేవబోతే మోకాళ్లు నిలవలేదు. బిడ్డను ఛాతీకి అదుముకొని, పాకుతూనే గడప దాకా పోయి, పాతచీర లాగేసి, గొళ్లెం తీసింది. వాకిట్లో గిన్నెలు తోముతున్న సుమన తల ఎత్తి చూసేసరికి, అత్త గడప మీద బోర్లా పడి, చేతులు ముందుకు చాచి బిడ్డను గాలిలోకి అందిస్తోంది.

“పిల్లను పట్టు. లోపల నిరోషను గుంజుకరా. కిటికి తియ్యి” అంది.

సుమన గట్టి మనిషి. బిడ్డను అరుగు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి లోపలికి దూకి, కిటికీ అద్దం జరిపి, నిరోషను చంకల కింద పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. మళ్లీ వెళ్లి కుంపటిని వాకిలి అవతలికి విసిరింది. ఉత్తరపు గాలి, అంతదాకా శత్రువని తలుపు మూసి దూరంగా పెట్టిన ఆ గాలి, ముగ్గురి ముఖాలనూ తన చల్లని చేతులతో నిమిరింది. హనుమమ్మ పాప అరికాళ్లు రుద్దుతూ, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క నామమే పలికింది. కేశవా. మాధవా. గోవిందా అనకముందే పాప ముఖం ముడతలు పడింది. నోరు తెరుచుకుంది. సన్నగా, కోపంగా, ఊరంతా వినేటట్టు ఏడ్చింది.

ఎల్లస్వామి చెలక నుంచి పరుగెత్తుకొచ్చి ఆటో పిలిపించాడు. దేవరకొండ దవాఖానలో విషయం వినగానే ముగ్గురికీ ప్రాణవాయువు పెట్టారు. అక్కడి డాక్టరమ్మ నిరోషనూ పాపనూ ఒకరాత్రి తమ కళ్లముందే ఉంచుకుంది. ప్రమాదం తప్పిందని చెప్పినప్పుడు హనుమమ్మ ఆమె చేతులు కళ్లకద్దుకుంది. “ఇంకొంచెంసేపైతే నేను చెప్పేదేం ఉండకపోవు అవ్వా. జల్దిన బయటికి తెచ్చిన్రు, మంచి పని జేసిన్రు” అంది డాక్టరమ్మ. మంచి పని అన్న ఆ మాట వినగానే హనుమమ్మ మొహం తిప్పుకొంది.

వెంకటేశ్ నార్కట్‌పల్లి నుంచి బండి మీద వచ్చి, మంచం పక్కన నిలబడి, భార్యనూ బిడ్డనూ మార్చి మార్చి చూశాడు. మరునాడు అందర్నీ ఇంటికి తెచ్చాక, ఒక్కడే ఆ గదిలోకి వెళ్లాడు.

హనుమమ్మ గదిలోకి రాలేదు. అరుగు మీద, గోడవైపు తిరిగి కూర్చుంది. సుమన చాయ్ తెచ్చిపెడితే చల్లారిపోయింది. ఇకమీదట పసిబిడ్డను ముట్టనని ఆమె లోపల నిశ్చయించుకొంది. రూపకు ఇచ్చిన మాట తన చేతితోనే ఆరిపోబోయింది. దానికంటే లోతుగా ఇంకొక ప్రశ్న ఆమెను తొలుస్తోంది. ఆ ప్రశ్నను ఎవరిని అడగాలో తెలియలేదు.

వెంకటేశ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. అతడి వేళ్ల కొనలు పసుపుపచ్చగా ఉన్నాయి. హనుమమ్మ వాటిని చూసింది.

“ఏంది బిడ్డా అది?”

అతడు చేయి ముడిచాడు. “ఏం లేదవ్వా.”

“ఏం లేదనకు. నేను పూసిన పసుపే గద. దాంతోటేనా అది కూయంది?”

అబద్ధం చెప్పాలని అతడికి ఉంది. కాని ఆ ముసలి కళ్ల ముందు అబద్ధం నిలవలేదు. “ఆ జాలీ దాని ముక్కవ్వా. గదిల గాలి దానిలకెల్లి పోతెనే అది కనిపెడ్తది. నువ్వు ముక్కు మూసినవు. నోరు మాత్రం నడిచింది. నువ్వు మీట నొక్కితే కూసింది నోరు.”

“బొట్టు పెట్టి దాని ఊపిరి ఆపిన” అంది హనుమమ్మ నెమ్మదిగా.

“నీ తప్పు కాదు. కూస్తే ఏం జెయ్యాల్నో చెప్పిన గని, దానికి ముక్కుంటదని నేను చెప్పలే. మనింట్ల ఏ కొత్త సామానుకైన పసుపు పెడ్తరు, నాకు ఎరుకనే ఉండె. ఎరుకుండి యాదిమర్సిన. ఇందుల సగం నాది.”

ఆమె లోపల తొలుస్తున్న ప్రశ్నను బయటపెట్టింది. “ఇన్నేండ్లసంది జేసిన బిడ్డా. ఎందరి మంచాల కింద పెట్టిన్నో. నా చేతుల మీద ఎవరన్న పోయిన్రో ఏమో.”

వెంకటేశ్ వాకిలివైపు చూపించాడు. విప్పిన పాత ఇంటి గూనపెంకులు గోడవారగా వరుస పేర్చి ఉన్నాయి. “వాటిని జూడవ్వా. ఆ సందులతోటి నువ్వు ఎప్పుడు కొట్లాడుతుంటివట, నిరోష చెప్పింది. ఆ సందులే కాపాడినయి. పాత ఇండ్లల్ల కప్పుకే ముక్కుండె, చెడ్డ గాలి ఎప్పటిదప్పుడు మీదికి పోయేది. నీ నిప్పు మారలే, ఇల్లు మారింది.”

అగ్నికి మన పెద్దలు వాయుసఖుడని పేరు పెట్టారు. స్నేహితుడు తోడున్నంతకాలం నిప్పు అన్నం వండుతుంది, చలి కాస్తుంది, హవిస్సును దేవతలకు మోస్తుంది. స్నేహితుణ్ణి గడప బయటే నిలిపి తలుపు మూస్తే అదే నిప్పు దిక్కుతోచక విషం కక్కుతుంది. హనుమమ్మకు ఆ పేరు తెలియదు. ఆమె పెంకుల వైపే చూస్తూ, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ కొంగు చాటున ఆమె భుజాలు కదిలాయి. వెంకటేశ్ లేచిపోలేదు, ఊరడించలేదు, పక్కన కూర్చున్నాడు.

రెండో రోజు ఉదయం అతడు కొత్త పెట్టె తెచ్చి అదే చోట బిగించాడు. ముక్కు ఏదో, నోరు ఏదో ఇంట్లో అందరికీ చూపించి, ఆ ముఖానికి ఏమీ పూయొద్దన్నాడు. గదిలోకి కుంపటి ఇక రాకూడదని ఈసారి ఎవరూ తీర్పు చెప్పనవసరం లేకపోయింది. కాగులో నీళ్లు కాగాయి. పీట వేసి ఉంది. హనుమమ్మ మాత్రం అరుగు దిగలేదు.

“సుమనా, నువ్వు పొయ్యి పిల్లకు” అంది.

“నాకు రాదత్తా. నేను పోస్తే చెవులల్ల నీళ్లు పోతయి” అంది సుమన. ఇద్దరు బిడ్డల తల్లి ఆమె.

నిరోష పాపను ఎత్తుకొని గడప దాటి వచ్చింది. అవ్వ చాపిన కాళ్ల మీద పడుకోబెట్టింది. హనుమమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. పాప కాళ్లు తన్నుతూ, గాలిలో దేన్నో వెతుకుతూ, అందిన కొంగును పట్టుకుంది. హనుమమ్మ కొంగు విడిపించబోయి వేలు చాపింది. ఆ గుప్పిట కొంగును వదిలి వేలిని పట్టింది, గట్టిగా.

“పట్టిందా అవ్వా?” అని అడిగింది నిరోష.

“పట్టింది బిడ్డా” అంది హనుమమ్మ. నూనె గిన్నె దగ్గరికి లాక్కుంది.

ఆ రోజునుంచి కుంపటి స్థానం మారింది. గడపకు బయట, వాకిట్లో, ఆకాశం కింద. పురిటింటి అగ్నిని ద్వారం దగ్గర నిలిపే ఆచారం మన పెద్దలలో ఒకప్పుడు ఉండేదని శాస్త్రం చదివినవారు చెబుతారు. హనుమమ్మ ఏ శాస్త్రమూ చదవకుండా అక్కడికే వచ్చి చేరింది. అక్కడ కూర్చొని పాప గుడ్డలను నిప్పు మీద కాచి, మడత విప్పకుండా లోపలికి తీసుకుపోయేది. తన అరచేతులు కాచుకొని, వేడి చల్లారకముందే పోయి నిరోష నడుముకు ఆనించేది. అలా గడప బయటికీ లోపలికీ తిరుగుతూనే ఉండేది. “నిప్పును మోస్తున్నవా అవ్వా?” అని నిరోష నవ్వితే, “నిప్పు ఆకిట్లనే ఉన్నది, కాపే లోపలికి తెస్తున్న” అనేది.

తరువాతి శుక్రవారం గడపకు పసుపు పూసి, మిగిలిన గిన్నెతో ఆమె గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. గుమ్మంలోంచి సుమన ఊపిరి బిగబట్టి చూసింది. హనుమమ్మ పెట్టె జోలికి పోలేదు. దానికి జానెడు కిందుగా, వట్టి గోడ మీద చిన్న పసుపు చుక్క పెట్టి, దాని నడుమ కుంకుమ అద్దింది.

“గోడకెందుకత్తా బొట్టు?”

“ఊపిరి పీల్చేదాని ముఖం ముట్టొద్దన్నడు గద అల్లుడు. కాళ్లకు మొక్కుతున్న” అంది హనుమమ్మ. మీట నొక్కి, కూత విని, పాపకు నీళ్లు కాగాయో లేదో చూడటానికి వాకిట్లోకి నడిచింది.